పాత క్రీడా వార్తాపత్రికలకు విలువ కట్టడం ఎలా?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట):
అందరికీ నమస్కారం. మా మామగారికి క్రికెట్ అంటే ప్రాణం. ఆయన పోయిన తరువాత ఇల్లు సర్దుతుంటే ట్రంకు పెట్టెలో 1983 ప్రపంచ కప్పు గెలిచినప్పటి తెలుగు, ఇంగ్లీషు దినపత్రికలు, 2000లో కరణం మల్లీశ్వరి గారు సిడ్నీలో కాంస్యం సాధించిన మరునాటి సంచికలు, 2011 ప్రపంచ కప్పు ప్రత్యేక అనుబంధాలు దొరికాయి. ఇంటర్నెట్టులో ఇటువంటి వాటికి వేల రూపాయలు చెబుతున్నారు. ఇక్కడ పాత పుస్తకాల కొట్లో అడిగితే తూకానికి తీసుకుంటామన్నారు. అమ్మే తొందర మాకు లేదు గానీ, ఆడపడుచులతో కలిసి పంచుకునే ముందు వీటి అసలు విలువ తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (విజయవాడ):
నమస్కారమండీ. మీరు విన్న ఆ రెండు ధరలనూ ముందు పక్కన పెట్టండి. ఇంటర్నెట్టులో కనిపించేది అమ్మేవారు అడుగుతున్న ధర మాత్రమే, ఆ ధరకు ఎవరైనా కొన్నారా అన్నది వేరే సంగతి. ఈబే అనే అమ్మకాల వెబ్‌సైటులో అమ్ముడుపోయిన వస్తువులను విడిగా చూసే వీలుంది కాబట్టి అదే పత్రిక, అదే తేదీ, దాదాపు అదే స్థితిలో ఉన్న ప్రతి నిజంగా ఎంతకు పోయిందో అక్కడ వెతకండి.

ఎన్ని లక్షల ప్రతులు అచ్చయినా, చెక్కుచెదరకుండా ఎన్ని మిగిలాయన్న దానిని బట్టే ధర పలుకుతుంది. 2011 ఏప్రిల్ 2న ముంబయిలో గెలిచిన మరునాటి సంచికలను జనం దాచుకోవాలనే కొన్నారు కనుక అవి ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నాయి, వాటికి ఇప్పట్లో చెప్పుకోదగిన ధర వస్తుందని నేను అనుకోను. 1983 నాటి పత్రికలు మాత్రం చాలావరకు నెల తిరగకముందే కిరాణా కొట్లో పొట్లాలయ్యాయి, లేదా బీరువా అరలలో పరుపులయ్యాయి.

మీ పెట్టెలో అన్నిటికన్నా జాగ్రత్తగా పరిశీలించవలసినవి ఆ 1983 ప్రతులే. లార్డ్స్‌లో ఫైనల్ జూన్ 25, శనివారం నాడు జరిగింది. మనవారు 183కు ఆలౌటై, వెస్టిండీస్‌ను 140కి కట్టడి చేసేసరికి ఇక్కడ అర్ధరాత్రి కావచ్చింది. అందువల్ల దూరప్రాంతాలకు పంపడానికి ముందుగా అచ్చయిన 26వ తేదీ ప్రతులలో విజయవార్త లేకపోవచ్చు, ఆలస్యంగా అచ్చయిన నగర ప్రతులలో ఉండవచ్చు, కొందరు పాఠకులు పూర్తి వివరాలను 27వ తేదీ సోమవారం సంచికలో చదివి ఉంటారు. సేకర్తలు ముందుగా కోరుకునేది గెలుపును మొదటి పేజీలో పతాక శీర్షికగా వేసిన 26వ తేదీ ప్రతిని. పత్రిక అడుగున ముద్రాపకుల పేరుతోపాటు అచ్చయిన ఊరి పేరు చట్టప్రకారం ఉండాలి కాబట్టి, మీ ప్రతి ఎక్కడ అచ్చయిందో దానిని చూసి రాసిపెట్టుకోండి.

అది అసలు ప్రతేనా అన్నది కూడా తేల్చుకోవాలి. వార్షికోత్సవాలకు పాత మొదటి పేజీని మళ్లీ అచ్చువేసి పంచే అలవాటు పత్రికలకు ఉంది. అటువంటి పేజీ వెనుక వైపు ఖాళీగానైనా ఉంటుంది, సంబంధం లేని ప్రకటనతోనైనా ఉంటుంది. అసలు ప్రతిలో ఆనాటి సినిమా ప్రకటనలు, బజారు ధరలు, టెండరు నోటీసులు వరుసగా ఉంటాయి, అంచుల దగ్గర ఎక్కువగాను లోపల తక్కువగాను పసుపు తిరిగి ఉంటుంది. అన్ని పేజీలూ ఉన్న సంచికకూ, విడి మొదటి పేజీకీ ధరలో చాలా తేడా ఉంటుంది కాబట్టి దయచేసి పేజీలను విడదీయకండి.

మరొక మాట. పెట్టె అడుగున జిల్లా పేజీలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి గారు 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయినప్పటి వార్తల వంటివి మన జిల్లాల అనుబంధాలలో విపులంగా వస్తాయి. ఆ పేజీలు జిల్లా దాటి వెళ్లవు, ఇంట్లోనూ ఎవరూ దాచరు. కొనేవారు కొద్దిమందే కావచ్చు గానీ, నా దృష్టిలో మీ మామగారి సేకరణలో అపురూపమైనవి అవే అవుతాయి.

మళ్లీ ప్రశ్న (గుంటూరు):
ధన్యవాదాలండీ. 26వ తేదీ ఇంగ్లీషు ప్రతి ఒకటి ఉంది, గెలిచిన వార్త మొదటి పేజీలోనే ఉంది, కానీ నడిమి మడత దగ్గర జానెడు చిరుగు ఉంది. టేపు అంటించి లామినేషన్ చేయించమని మా అబ్బాయి అంటున్నాడు. చేయించవచ్చా?

సమాధానం (విజయవాడ):
రెండూ వద్దండీ. టేపు జిగురు కొన్నాళ్లకు కాగితంలోకి ఇంకి గోధుమ రంగు మరకగా మిగులుతుంది. లామినేషన్ ఒకసారి చేస్తే ఇక తీయలేము, పైగా న్యూస్‌ప్రింట్‌లో ఉండే ఆమ్లం లోపల తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. లామినేట్ చేసిన ప్రతిని సేకర్తలు సాధారణంగా తీసుకోరు. చిరుగును ఉన్నది ఉన్నట్లుగానే వదిలి, పత్రికను మడత విప్పి, ఆమ్లరహితమైన అట్ట ఆధారంగా పెట్టి పాలియెస్టర్ ప్లాస్టిక్ కవరులో ఉంచండి. పీవీసీ రకం ప్లాస్టిక్ కవర్లు పనికిరావు. మన కృష్ణా తీరపు ఉక్కకు, చెదలకు దొరకకుండా నేలకు ఎత్తుగా, బయటి గోడకు ఆనకుండా, ఎండ పడని చోట పెట్టండి. పంపకాలకు ముందు ప్రతి సంచికకూ పేరు, తేదీ, అచ్చయిన ఊరు, పేజీల సంఖ్య, చిరుగులు, మరకలు రాసి, రెండు వైపులా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. ఒక్కొక్క ప్రతి గురించి విడివిడిగా చెబుతాను.