మైలుతుత్తానికి పట్టికలో ఒక వరుసా, రెండు వరుసలా?

అనంతపురం కెమిస్ట్రీ అధ్యాపకుడు:
కాలేజీ ల్యాబ్ స్టాకు రిజిస్టరును కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. 'కాపర్ సల్ఫేట్' (మైలుతుత్తం) అన్న ఒక్క వరుసలోనే నీలి స్ఫటికాల సీసాలూ, తెల్లపొడి సీసాలూ కలిపి రాసి ఉన్నాయి. వీటిని విడదీసి తీరాలని నా పట్టు. నీలిది పెంటాహైడ్రేట్, అంటే అయిదు నీటి అణువులు కలిసినది; సీఏఎస్ సంఖ్య (రసాయనాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) 7758-99-8. తెల్లది నీరు లేనిది, 7758-98-7. పబ్‌కెమ్ అనే ఆన్‌లైన్ రసాయన సమాచార నిధిలోనూ వేరు పేజీలే.

కర్నూలు ఎమ్మెస్సీ విద్యార్థిని:
ఒప్పుకోను సార్. నీలిదాన్ని పరీక్షనాళికలో వేడి చేస్తే తెల్లబడుతుంది, నీటిచుక్క పడగానే మళ్లీ నీలమవుతుంది. నీళ్లలో కరిగాక రెండింటిలోనూ అవే కాపర్, సల్ఫేట్ అయాన్లు. పేర్లు చీల్చుకుంటూ పోతే వెతికేవారికి సగమే దొరుకుతుంది. చెబి (ChEBI) అనే మరో సమాచార నిధిలో సిట్రిక్ యాసిడ్‌కు ఒక పేజీ, సిట్రేట్‌కు మరొకటి. ఒకటి చూసి రెండోది వదిలేసినవాళ్లు ఎంతమందో!

అనంతపురం చీనీ రైతు:
నేను కెమిస్ట్రీ చదవలేదు. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి వంద లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం అంటారు. ఆ కిలో దేనిది?

అధ్యాపకుడు:
నీలిదే అన్నా. అందులో రాగి పాతిక శాతం, తెల్లదానిలో దాదాపు నలభై. తెల్లది 640 గ్రాములు వేస్తే చాలు. కిలో వేస్తే రాగి ఒకటిన్నర రెట్లు దాటుతుంది, మొక్కకు చేటు. తక్కెడ ముందు నిలబడ్డవాడికి అయాన్ల ఏకత్వం అక్కరకు రాదమ్మా, సీసాలో ఏముందో తెలియాలి.

కడప నుంచి ఒక పాఠకుడు:
మరి మా ముగ్గురాయి సంగతేమిటి? మంగంపేట నుంచి చమురు బావుల డ్రిల్లింగ్‌కు వెళ్లే రాయీ, ఎక్స్‌రేకు ముందు రోగికి తాగించేదీ బేరియం సల్ఫేటే. అయినా సీఏఎస్ ఖనిజానికి 13462-86-7, సమ్మేళనానికి 7727-43-7 ఇచ్చింది. ఫార్ములా ఒకటే, సంఖ్యలు రెండు. సంఖ్యను బట్టే విడదీయాలంటే ఇక్కడ విడదీసింది ఏ రసాయన భేదం?

విద్యార్థిని:
నా వాదనకు ఇదే బలం.

అధ్యాపకుడు:
రాయిలో సిలికా, ఇనుము ఆక్సైడు కలిసి ఉండవచ్చు, దాన్ని రోగికి తాగించరు. అయితే అది శుద్ధతలో తేడా, నిర్మాణంలో కాదు. కాబట్టి ముగ్గురాయిని బేరియం సల్ఫేట్ వరుసలోనే ఉంచి, గ్రేడు పక్క గడిలో రాస్తాను. మైలుతుత్తంలో నీరు స్ఫటిక నిర్మాణంలోనే భాగం, అణుభారం 159.6 నుంచి 249.7కి పెరుగుతుంది. దానికి రెండు వరుసలే.

విద్యార్థిని:
అలాగైతే ప్రతి వరుసలో 'మూల లవణం' అని ఇంకో గడి పెట్టండి సార్. కాపర్ సల్ఫేట్ అని వెతికితే రెండూ కనబడాలి. అది లేనిదే విడదీయడానికి నేను ఒప్పుకోను.