సమస్య: సెలవు చీటిని గని యేడ్చె శిష్యగణము

పై పాదం చివర వచ్చేలా ముందు మూడు పాదాలు కట్టి పద్యం పూరించాలి. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొసగాలి; ప్రాసయతి (బదులుగా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది. విద్యాలయపు గోడలమీద దొంగ ప్రకటనలు అంటించే ఆకతాయిలే వస్తువు. సెలవంటే గంతులేసేవాళ్ళు ఏడవడమేమిటో మీరే తేల్చాలి. ఒక హెచ్చరిక: 'గని' క్త్వార్థం ('చూసి' అనే అసమాపక క్రియ), దాని ఇకారానికి సంధి లేదు, యడాగమమే (నడుమ యకారం చేరడమే). 'గనేడ్చె' అని రాస్తే వ్యాకరణంతోపాటు గణమూ పోతుంది.

పూరణ 1

నాల్గు మార్లు నకిలి చూచి నవ్వుకొనుచు
నిజపు చీటిని సైతము నీటఁ గలిపి
తడిసి వచ్చిరి; తలుపున తాళముండె;
సెలవు చీటిని గని యేడ్చె శిష్యగణము.

— నాన్నా పులి కథను గోడకెక్కించారు, బాగుంది. 'గని'కి సరైన పని దొరికింది: తడిసి ముద్దయ్యాక, తాళం పక్కనే, చూడనక్కర్లేదనుకున్న కాగితమే కనబడుతుంది. 'నకిలి' మాత్రం గణం కోసం కుదించిన నకిలీ. 'నాల్గు మార్లు బొంకునుఁ జూచి' అనండి, ఇంద్రగణాలైన ర-గణం, సలం సరిపోతాయి.

పూరణ 2

గురువు పదవి వీడెనటంచు గోడమీద
నంటఁజేసిరి గడుసువా రర్ధరాత్రి;
కంట నీరొల్క గుంపుగా గదికిఁ జేరి
సెలవు చీటిని గని యేడ్చె శిష్యగణము.

— సెలవును వీడ్కోలుగా తిప్పడం ఈ పూరణల్లో అన్నిటికన్నా గట్టి విరుపు. రెండో పాదంలో న-ర చూసి యతి తప్పిందనకండి. అంట, అర్ధ అనే అకారాలకు స్వరయతి, అంటే సంధిలో కలిసిన అచ్చులకే పొసగింపు.

— పద్యం సరే, అర్ధరాత్రి పని తెల్లారేదాకా నిలవాలిగా! మైదా జిగురు నడుమ దట్టంగా, అంచుల్లో పలచగా పూస్తే ఆరేటప్పుడు కాగితం ముడుచుకుని మూలలు లేస్తాయి. పొద్దున్నే సగం వేలాడే చీటీని ఎవరూ నమ్మరు. అంచులకే ముందు పూయాలి, నడుమ నుంచి బయటికి గుడ్డతో ఒత్తాలి.

— అయ్యా, పూరణ అడిగాం, శిక్షణ కాదు.

పూరణ 3

తాళమున్న యద్దము వెన్క దాగు నసలు;
పైన నతికిన దంతయు బంకమాయ;
చూడ కేగిరి యిండ్లకు మార్కు పోయె;
సెలవు చీటిని గని యేడ్చె శిష్యగణము.

— విషయం తెలిసినవారు రాసింది. కార్యాలయపు ఉత్తర్వు అద్దం లోపల, గుండుసూదులతో ఉంటుంది; తాళంచెవి గుమాస్తా దగ్గర. ఆకతాయికి దక్కేది అద్దం పైభాగమే. లేఖ సంఖ్య, తేదీ, హోదా ముద్ర ఎంత పొందికగా దించినా అక్కడే దొరికిపోతాడు. 'బంకమాయ' ముచ్చటగా ఉంది, పై-బం యతి కూడా శుద్ధం. మూడో పాదంలో చూ-మా పొసగదు. 'సున్న పడియె' అంటే చూ-సు కుదురుతుంది, మార్కూ తెలుగవుతుంది.

— సంతకం, ముద్ర దించడం దాకా పోతే అది అల్లరి కాదు, ఫోర్జరీ. జిరాక్సు యంత్రం మీద 'మాటతో పనిచేయును, గట్టిగా చెప్పుడు' అని అంటిస్తే చాలు. ముద్ర అక్కర్లేదు, ఎవరి పరీక్షా పోదు, మధ్యాహ్నానికల్లా యంత్రంతో అరిచేవాళ్ళు తయారు. దానిమీద ఒక సమస్య ఇవ్వండి.

— 'యంత్ర మాలించె నరపుల నాదరమున'. ఇదీ తేటగీతే. అందుకోండి.