రాత్రి షిఫ్టులో లైన్ ఆపే హక్కు ఎవరికుండాలి?

ప్యాకింగ్ షిఫ్ట్:
పోయిన నెల మా మందుల ఫ్యాక్టరీలో, నేను ప్యాకింగ్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా ఉన్న రాత్రి జరిగింది. రాత్రి రెండున్నరకి ఆపరేటర్ మాత్రల స్ట్రిప్పుల్ని లీక్ టెస్ట్‌కి పెట్టాడు. నీలం రంగు నీళ్లలో ముంచి, వాక్యూమ్ పెట్టి, తీసి తుడిచి చూస్తే ఒక గుంటలో మాత్ర అంచు నీలంగా ఉంది. అంటే సీల్ సరిగా పడలేదు. ఆపమంటారా అని మేనేజరుకి ఫోన్ చేశాను. "ఒక్కటే కదా, పొద్దున్నే డిస్పాచ్ ఉంది, నడపండి" అన్నారు. తెల్లారి క్యూఏ, అంటే నాణ్యత చూసే వాళ్లొచ్చి ఆ రాత్రి సరుకంతా పక్కన పెట్టించారు. కళ్లారా చూసినవాడికే ఆపే హక్కుండాలని నా వాదన.

పాత మేనేజర్:
తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. కానీ అందరికీ ఆ హక్కిస్తే గంటకోసారి ఎవరో ఒకరు ఆపుతారు. టార్గెట్ తప్పితే పైవాళ్లు అడిగేది మేనేజర్నే. జవాబు చెప్పుకునేవాడే నిర్ణయించాలి. శ్రీహరికోటలో 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ విఫలమైతే విలేకరుల ముందు బాధ్యత తనమీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. 1980 జులై 18న గెలిచినప్పుడు మాత్రం మాట్లాడమని ఆ ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాంని ముందుకు పంపారు. పెద్దరికమంటే అదీ.

ప్యాకింగ్ షిఫ్ట్:
ధావన్ గారంటే నాకూ అంతే గౌరవం సార్. కానీ ఆ కథలో మొదటి సగం ఎవరూ ఎత్తరు. 1979లో విఫలమైన రోజు ప్రయోగానికి కాస్త ముందు కంప్యూటర్ కౌంట్‌డౌన్ ఆపేసింది. నిపుణులు పర్వాలేదన్నారు, కలాం కంప్యూటర్‌ని పక్కనపెట్టి వదలమన్నారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. దాచుకోకుండా ఈ సంగతి చెప్పింది కలాం గారే. నింద ఎవరు మోశారన్నది తర్వాతి మాట, ఆగమన్న మాట ఎవరు విన్నారన్నది ముందు మాట.

గంటకోసారి ఆపుతారన్న భయానికి టయోటా ఎప్పుడో దారి చూపించింది. అక్కడ లైన్ వెంట ఆండాన్ తాడు ఉంటుంది. పనివాడు లాగగానే లైన్ ఆగిపోదు. దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు. కారు ఆ పనివాడి గడి దాటేలోపు సరిచేస్తే లైన్ నడుస్తూనే ఉంటుంది, కుదరకపోతేనే ఆగుతుంది.

పాత మేనేజర్:
దీపం వెలిగితే వచ్చేవాడు పక్కనే ఉండాలి కదా. ఇంట్లో ఫోన్ పట్టుకున్నవాడికి ఆ నీలం రంగు కనిపించదు, అది ఒప్పుకుంటాను. అయితే ఆపే హక్కు షిఫ్ట్ ఇన్‌ఛార్జికి, అంటే నీకివ్వాలి. ఆపరేటర్‌కి వద్దు.

ప్యాకింగ్ షిఫ్ట్:
ఆ టైములో నేను గది అవతల రిజిస్టర్ రాస్తున్నాను సార్. నీలం చూసింది అతనే.