ఈ ఫాంటసీ నవల చివరిదాకా చదవమంటారా?

ఈ మధ్య ఒక ఫాంటసీ నవల మొదలుపెట్టాను. మాట్లాడే గొడుగులు, అలిగి ఊరు విడిచి వెళ్లిపోయే మేడలు, వానను సీసాల్లో పట్టి అమ్మే ముసలావిడ... మొదటి అధ్యాయాలు ఎంత సంబరంగా చదివానో! సగానికి వచ్చేసరికి ఆ సంబరమంతా ఇంకిపోయింది. వింత మీద వింత వచ్చిపడుతోంది గానీ దేనికీ కథతో పని లేదు. కథానాయిక ఏ చిక్కులో పడ్డా, అప్పటిదాకా మాటవరసకైనా చెప్పని మంత్రం ఒకటి ఊడిపడి గట్టెక్కిస్తుంది. ఇక ఆమెకేమవుతుందోనన్న బెంగ నాకెలా కలుగుతుంది? జానపద కథల్లో కూడా ఏడు సముద్రాలు దాటితే గాని చిలకలో దాచిన ప్రాణం చిక్కదు కదా. సరదా కథలకి అలాంటి కట్టుబాటు అక్కర్లేదంటారు కొందరు, నేను ఒప్పుకోలేను.

వాక్యాలు మాత్రం చాలా అందంగా ఉన్నాయి. అందుకే పక్కన పెట్టలేకపోతున్నాను.

ఇలాంటివి బాగా చదివినవాళ్లు చెప్పండి. ఈ తరహా నవలల్లో ముందు వచ్చిన వింతలన్నీ చివర్లో ఒక దారికి వస్తాయా? లేక కథ సంగతి వదిలేసి ఒక్కో అధ్యాయాన్ని విడిగా ఆస్వాదించాలా? ఊహ ఇంత స్వేచ్ఛగా ఉంటూనే పాత్రల మీద మమకారం కలిగించే నవలలు, తెలుగువైనా అనువాదాలైనా, మీకు నచ్చినవి ఉంటే దయచేసి పేర్లు చెప్పండి.