కన్సాయ్ గైదాయ్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తండ్రి)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి బెంగళూరులో బీబీఏ రెండో సంవత్సరం చదువుతోంది. సరదాగా జపనీస్ మొదలుపెట్టి, ఆ భాషా పరీక్షల్లో మొదటి మెట్టయిన ఎన్5 కూడా పాసైంది. ఇప్పుడు ఒసాకా దగ్గర కన్సాయ్ గైదాయ్ అనే ప్రైవేటు యూనివర్సిటీకి ఎక్స్ఛేంజ్ మీద వెళ్తానంటోంది. వాళ్ల కాలేజీకి దానితో ఒప్పందం ఉందట.

ఈలోగా ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు తగులుకున్నారు. సీటు మేమే ఇప్పిస్తాం, పార్ట్‌టైమ్ జాబ్‌తో ఖర్చులన్నీ వెళ్లిపోతాయి, అక్కడే డిగ్రీ పూర్తిచేసి సెటిలైపోవచ్చు అని చెప్పి అడ్వాన్స్ కట్టమంటున్నారు. వాళ్ల కాగితంలో "ఒసాకా ప్రభుత్వ విదేశీ భాషల విశ్వవిద్యాలయం" అని రాసి ఉంది. ఇదీ అదీ ఒకటేనా? మేం చికెన్, చేపలు తింటాం గానీ బీఫ్, పోర్క్ ముట్టం. భోజనం సంగతి కూడా కాస్త చెప్పండి.

జవాబు 1 (అక్కడ చదివి, ఇప్పుడు ఒసాకాలోనే ఉద్యోగం చేస్తున్న అమ్మాయి)

నమస్తే అంకుల్. ముందు ఆ అడ్వాన్స్ కట్టకండి.

ఎక్స్ఛేంజ్ సీటుకి పేరు పంపేది మీ అమ్మాయి కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసు. మధ్యలో బయటివాళ్లకు చోటే లేదు. ఒప్పందం మీద వెళ్తే ట్యూషన్ ఫీజు మామూలుగా ఇండియాలోని మన కాలేజీకే కడతాం. జపాన్‌లో అయ్యేది హాస్టలు, భోజనం, ఇన్సూరెన్సు, పుస్తకాలు, విమానం టికెట్టు. ఒప్పందం లేని కాలేజీ పిల్లలు నేరుగా అప్లై చేసుకోవచ్చు గానీ అప్పుడు ఫీజంతా వాళ్లే పెట్టుకోవాలి. మీ కాలేజీ పేరు భాగస్వాముల జాబితాలో ఉందో లేదో అమ్మాయి చేత రాతపూర్వకంగా అడిగించండి. నోటిమాట నమ్మొద్దు.

రెండోది, ఆ కాగితంలోని పేరు వేరే యూనివర్సిటీది. ఒసాకాలో విదేశీ భాషలకు ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉండేది, 2007లో ఒసాకా యూనివర్సిటీలో కలిసిపోయింది. కన్సాయ్ యూనివర్సిటీ అని ఇంకో పెద్ద ప్రైవేటుది సుయితాలో ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. మనం మాట్లాడుకునేది హిరకాతా ఊళ్లో ఉన్నది. 1945లో ఇంగ్లిష్ నేర్పే చిన్న బడిగా పుట్టి, 1966లో విశ్వవిద్యాలయమైంది. ఒక యూనివర్సిటీకి బదులు ఇంకోదాని పేరు రాసిన వాళ్లకు వీసా కాగితాలు అప్పజెబుతారా?

ఇక అసలు విషయం. విదేశీ పిల్లలు చేరేది ఏషియన్ స్టడీస్ ప్రోగ్రాంలో. 1972 నుంచీ నడుస్తోంది. ఒక సెమిస్టరు గానీ ఒక ఏడాది గానీ చదివి, క్రెడిట్లు తెచ్చుకుని వెనక్కి రావడమే. డిగ్రీ రాదు. కన్సాయ్ గైదాయ్ డిగ్రీలోకి జపనీస్ పిల్లలతో పాటు చేరాలంటే ఆ దారి వేరు, దానికి జపనీస్ గట్టిగా రావాలి. "అక్కడే డిగ్రీ పూర్తిచేసి" అని కన్సల్టెన్సీ వాళ్లన్నది ఈ రెండు దారుల్నీ కలిపేసి అల్లిన కథ.

చదువు మాత్రం బాగుంటుంది, అందులో సందేహం లేదు. చేరగానే ప్లేస్‌మెంట్ టెస్టు పెట్టి లెవెల్ చూస్తారు. మాట్లాడే జపనీస్ ఒక క్లాసు, చదవడం రాయడం ఇంకో క్లాసు. ఎన్5 పాసైనా మాట్లాడే క్లాసులో మొదట్లో నోరు పెగలదు, మనవాళ్లందరిదీ అదే కథ. మిగతా సబ్జెక్టులు ఇంగ్లిష్‌లోనే: జపాన్ వ్యాపారం, చరిత్ర, మతం, సినిమా. కుండలు చేయడం కూడా ఒక కోర్సే, దానికి సీట్లు చకచకా అయిపోతాయి.

జవాబు 2 (హైదరాబాద్‌లో జపనీస్ నేర్పే టీచర్)

పైన చెప్పినదంతా సరిగ్గా ఉంది. నేను తేదీల గురించి చెబుతాను, ఎక్కువమంది దెబ్బ తినేది అక్కడే.

జపాన్ యూనివర్సిటీలు ఏప్రిల్‌లో తెరుస్తారని అందరికీ తెలుసు. కానీ ఈ ప్రోగ్రాం క్యాలెండర్ వేరు. ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. స్ప్రింగ్ జనవరి చివరి నుంచి మే దాకా. మన కాలేజీలకు ఫాల్ చక్కగా సరిపోతుంది. స్ప్రింగ్‌కి వెళ్తే ఇక్కడ ఏప్రిల్, మే పరీక్షలు తప్పిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అక్కడ ఏ కోర్సు చదివితే ఇక్కడ ఏ పేపరు కింద లెక్కేస్తారో, హెచ్‌ఓడీ సంతకంతో ముందే కాగితం తీసుకోవాలి. తిరిగొచ్చాక అడిగితే "చూద్దాం" అంటారు. ఆ చూడటం ఫైనలియర్ దాకా సాగుతుంది.

వీసాకి సీఓఈ అనే అర్హత పత్రం కావాలి. దాన్ని ఒసాకా ఇమిగ్రేషన్ దగ్గర యూనివర్సిటీయే పెట్టి తెప్పిస్తుంది. ఇప్పుడు మెయిల్లో కూడా వస్తోంది. దాని గడువు మూడు నెలలు. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని జపాన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. చాలా పనులు సీఓఈ చేతికొచ్చాకే జరుగుతాయి, అంతవరకూ టికెట్టు కొనొద్దు.

స్కాలర్‌షిప్ గురించి ఎవరూ అడగలేదు. జాస్సో అని జపాన్ సంస్థ ఒకటుంది, ఎంపికైన ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు నెలకు 80,000 యెన్లు ఇస్తుంది. అందరికీ రాదు. పేరు పంపేది అక్కడి యూనివర్సిటీయే, అందుకే అప్లికేషన్ పెట్టేటప్పుడే అడగాలి.

అనుబంధ ప్రశ్న

అక్కా, నేనే ఆ బీబీఏ అమ్మాయిని, నాన్న లింక్ పంపారు :) పార్ట్‌టైమ్ నిజంగా దొరుకుతుందా? హోమ్‌స్టే మంచిదా, హాస్టలా? అమ్మ చికెన్ పచ్చడి పెట్టిస్తానంటోంది, తీసుకెళ్లొచ్చా?

జవాబు 1 మళ్లీ

చికెన్ పచ్చడి వద్దే వద్దు తల్లీ! మన దేశం నుంచి మాంసంతో చేసినవేవీ జపాన్‌లోకి రానివ్వరు, పచ్చడైనా సరే. దొరికితే పారేయడమే కాదు, కేసు కూడా కావచ్చు. పచ్చి కరివేపాకు, పళ్లు, బియ్యం కూడా పెట్టుకోకు, వాటికి మొక్కల తనిఖీ సర్టిఫికెట్ కావాలి. గోంగూర పచ్చడి, ఆవకాయ, కందిపొడి సీల్ చేయించి తెచ్చుకో. పప్పులు, మసాలాలు హలాల్ షాపుల్లో దొరుకుతాయి. గ్యోము సూపర్ అనే చౌక దుకాణంలో జీలకర్ర, పసుపు కూడా ఉంటాయి.

బీఫ్ సంగతి జాగ్రత్త. ఇక్కడి "కరీ" చూసి మన కూరే అనుకుంటాం, కానీ అది చేయడానికి వాడే రెడీమేడ్ కరీ ముద్దల్లో చాలావాటిలో బీఫ్ కొవ్వో పోర్క్ కొవ్వో ఉంటుంది. పైకి కూరగాయల కరీలా కనబడినా సరే. చిప్స్, సూప్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లోనూ ఆ సారం వేస్తారు. గ్యూ (బీఫ్), బుతా (పోర్క్) అనే రెండు కాంజీ అక్షరాలను జపాన్ వచ్చేముందే గుర్తుపట్టడం నేర్చుకో, ప్యాకెట్ వెనక వెతుక్కోవచ్చు.

హోమ్‌స్టే అయితే పొద్దున, రాత్రి భోజనం వాళ్లే పెడతారు, భాష తొందరగా వస్తుంది. కాకపోతే వాళ్ల వేళలకు సర్దుకోవాలి, ఇల్లు ఎక్కడ పడుతుందో మన చేతిలో ఉండదు. హాస్టల్లో వంటగది ఉంటుంది, స్వేచ్ఛ ఉంటుంది, ఇంగ్లిష్‌తోనే గడిచిపోయే ప్రమాదమూ ఉంటుంది. నీది ఒక్క సెమిస్టరే అయితే నా ఓటు హోమ్‌స్టేకే. బీఫ్, పోర్క్ తినవని ఫారంలో స్పష్టంగా రాయి, "వెజ్ అయితే మంచిది" లాంటి మొహమాటం మాటలు వద్దు.

పార్ట్‌టైమ్ చేయాలంటే విడిగా పర్మిషన్ తీసుకోవాలి. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 28 గంటలు దాటకూడదు. గంటకు వెయ్యి యెన్ల పైనే వస్తుంది గానీ, ఎన్5 జపనీస్‌తో షాపులో నిలబడటం కష్టం. నాలుగు నెలల్లో ఉద్యోగం వెతికి, నేర్చుకుని, సంపాదించి ఖర్చులు తీర్చుకోవడం జరిగే పని కాదు. డబ్బు ఇంటి నుంచే వస్తుందని లెక్క వేసుకోండి.

జవాబు 3

నేను హిరకాతాలో ఉంటాను. కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి జేఆర్ రైల్లో క్యోబాషి స్టేషన్, అక్కడ కేహాన్ అనే ఇంకో రైలు లైన్‌కి మారితే ఎక్స్‌ప్రెస్‌లో పదిహేను, ఇరవై నిమిషాల్లో హిరకాతా సిటీ స్టేషన్. అక్కడి నుంచి క్యాంపస్‌కి బస్సులున్నాయి. అదే లైన్లో అటు వెళ్తే క్యోతో, ఇటు వెళ్తే ఒసాకా. దిగిన 14 రోజుల్లోపు సిటీ హాల్లో అడ్రసు నమోదు చేయించుకోవాలి. హెల్త్ ఇన్సూరెన్స్ కూడా అక్కడే, డాక్టరు బిల్లులో మనం 30 శాతం కడితే చాలు. ఇరవై ఏళ్లు నిండితే జపాన్ పెన్షన్ పథకానికి డబ్బు కట్టమనే కాగితం కూడా వస్తుంది, దాన్ని చూసి టెన్షన్ పడకుండా మినహాయింపుకి అదే ఆఫీసులో అప్లై చేయండి.

గుంటూరు తండ్రి

చాలా థాంక్స్ అమ్మా, మాస్టారూ, అందరికీ. కన్సల్టెన్సీ వాళ్లకు వద్దని చెప్పేశాను. "సీట్లు అయిపోతాయి సార్" అని మళ్లీ ఫోన్ చేశారు. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మా అమ్మాయి ఇవాళే మెయిల్ పెట్టింది. వాళ్ల జవాబు రాగానే ఇక్కడ రాస్తాను. మా ఆవిడ మాత్రం రొయ్యల పచ్చడి అయితే పర్లేదా అని అడుగుతోంది.

జవాబు 3

దిగాక కస్టమ్స్ దగ్గర వాదించే ఓపిక ఉంటే చెప్పండి సార్. రొయ్యలు ఇక్కడి సూపర్‌మార్కెట్లో బోలెడు, ఆంటీని రెసిపీ పంపమనండి.