క్లాంప్ మీటర్ చూపించే వాట్లను ఎంతవరకు నమ్మొచ్చు?

సుధీర్:
పెట్టిన కరెంటుకు మూడు రెట్ల వేడి ఇస్తుందని చెబుతున్న ఒక పరికరాన్ని పరీక్షించడానికి మమ్మల్ని పిలిచారు. త్రీఫేజ్ సప్లై, మధ్యలో ట్రయాక్ కంట్రోలర్ (పవర్‌ని ఎక్కువ తక్కువ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్). మూడు క్లాంపుల (తీగ చుట్టూ బిగించి కరెంట్ కొలిచేవి) పవర్ అనలైజర్ వాళ్ల దగ్గరే ఉందట. వేడి కొలవడం నాకు అలవాటే, ఇన్‌పుట్ గురించే టెన్షన్. ఎక్కడ తేడా రావచ్చు?

లలిత:
సుధీర్ గారూ, మీటర్ మీదే తీసుకెళ్లండి. క్లాంప్‌ని ఏ దిశలో పెట్టాలో చెప్పే బాణం గుర్తు దాని మీద ఉంటుంది, ముందు అది చూడండి. మూడు ఫేజుల్లో లోడ్ సమానంగా ఉండి ఒక్క క్లాంప్ తిరగబడితే ఆ ఫేజ్ మైనస్‌లో పడుతుంది. నిజంగా 900 వాట్లు లాగుతున్నా 300 + 300 − 300, అంటే 300 అనే చూపిస్తుంది. మీరు చెప్పిన మూడు రెట్లు అక్కడే వచ్చేస్తాయి! మొత్తం ఒక్కటే కాదు, ఒక్కో ఫేజ్ రీడింగ్ విడిగా రాసుకోండి. న్యూట్రల్, ఎర్త్ తీగలకూ క్లాంప్ పెట్టి చూడండి.

రమేశ్:
మామూలు క్లాంప్‌కి డీసీ (ఒకే దిశలో పారే కరెంట్) కనబడదు కదా. పరికరం లోపల, కరెంట్‌ని ఒకే దిశలో వదిలే డయోడ్ పెడితే?

లలిత:
మంచి ప్రశ్న. డయోడ్‌కి ముందు, సప్లై వైపు కొలిస్తే పెద్దగా నష్టం లేదు. అక్కడ వోల్టేజ్‌లో డీసీ లేదు కాబట్టి, కరెంట్‌లోని డీసీ సగటు పవర్‌కి ఏమీ కలపదు. డయోడ్ దాటాక కొలిస్తే మాత్రం హీటర్ లాంటి లోడ్‌లో దాదాపు 40 శాతం పవర్ లెక్కలోకి రాదు. అందుకే గోడ దగ్గరే కొలవాలి, అదీ డీసీని కూడా కొలవగలిగే హాల్ ఎఫెక్ట్ క్లాంప్‌తో. సప్లైలోనే డీసీ కలిపారేమో ఆసిలోస్కోప్‌లో (వోల్టేజ్ తరంగాన్ని తెర మీద చూపించే పరికరం) చూడాలి.

నా పట్టుదల ఇంకొకటుంది. పరికరం తీసేసి, అదే తీగలకు, అదే కంట్రోలర్‌కు మామూలు హీటర్ తగిలించి, అంతే పవర్ దగ్గర నడపండి. వేడీ ఇన్‌పుట్టూ సరిపోవాలి. ఈ-క్యాట్ అని, పెట్టినదానికంటే చాలా ఎక్కువ వేడి ఇస్తుందని చెప్పిన ఒక రియాక్టర్ ఉంది. దాన్ని స్విట్జర్లాండ్‌లోని లుగానోలో పరీక్షించారు; 2014లో బయటికొచ్చిన ఆ రిపోర్టు ప్రకారం పరీక్ష 32 రోజులు నడిచింది. కానీ ఇంధనం లేని ఖాళీ రియాక్టర్‌ని 500 వాట్ల లోపే నడిపి చూశారు. అసలు పరీక్ష అంతకంటే చాలా ఎక్కువ వేడిలో జరిగింది. అన్ని రోజులు కష్టపడి ఆ ఒక్క పని వదిలేశారంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సుధీర్:
హీటర్ పెట్టడానికి వాళ్లు ఒప్పుకోకపోతే?

లలిత:
"ఇన్‌పుట్ నిర్ధారించలేదు" అని రిపోర్టు మొదటి పేజీలోనే రాయండి. ఆ వాక్యం తీసేయమంటే సంతకం పెట్టకండి.