పిల్లలమర్రి మాదా, మీదా?

కవి పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరు మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి అనే మర్రిచెట్టు నుంచే వచ్చిందని పాలమూరు అన్న ఒకరు ఇక్కడ రాశారు. సూర్యాపేట వాళ్లం ఊరుకుంటామా?

అన్నా, మా పేట పక్కనే పిల్లలమర్రి అనే ఊరుంది. కాకతీయుల సామంతులు రేచర్ల వారు కట్టించిన కాకతీయుల నాటి శివాలయాలున్న ఊరు. మనవాళ్ల ఇంటిపేర్లలో సగం ఊరిపేర్లే కదా, కవిగారిదీ అంతే. మీ చెట్టుకు ఏడొందల ఏళ్లంటారు. ఆయనది 15వ శతాబ్దం. అప్పటికి అది ఊడలు దిగి పిల్లల తల్లి అయిందో, ఇంకా పిల్లమర్రిగానే ఉందో!

ఛందస్సు తెలిసినవాళ్లకు ఇంకో తమాషా. "పిల్లలమర్రి" అనగానే ఉత్పలమాల పద్యానికి ఎత్తుగడ సిద్ధం: భగణం (ఒక గురువు, రెండు లఘువులు), ఆపైన గురువు, లఘువు. "పిల్లలమర్రి వీర" అంటే నడక హాయిగా సాగుతుంది. "పిన" అన్నామా, ఆరో అక్షరం దగ్గర గురువు ఉండాల్సిన చోట లఘువొచ్చి కాలికి అడ్డం పడుతుంది. ఇంటిపేరులో పిల్లలు, పేరులో చిన్న ("పిన" అంటే అదే కదా), మధ్యలో మన గణాలకు టెన్షన్.

ఆయన శృంగార శాకుంతలం అంకితమిచ్చింది చిల్లర వెన్నయామాత్యుడికి. అమాత్యుడు చిల్లర, కావ్యం మాత్రం ఘనం.

ఇక ఆయన రాసిన జైమిని భారతం కథ అందరికీ తెలిసిందే. గడువు ముంచుకొచ్చేదాకా గంటం పట్టలేదట, ఒక్క రాత్రిలో సరస్వతే పూర్తి చేసిందట. సాళువ నరసింహరాయల సభలో అడిగితే "వాణి నా రాణి" అన్నాడట. చదువుల తల్లినే రాణి అన్నవాణ్ణి పట్టుకుని, ఒక మర్రిచెట్టుకు కట్టేస్తారా?

పాలమూరు అన్న జవాబు: "చెట్టుకు చెదలు పడితే 2018లో సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందెక్కించి బతికించుకున్నం తమ్మీ. మీ కవిని మీరేం బతికించిన్రు? ఆయన పద్యం ఒక్కటి నోటికి చెప్పు, చెట్టు మీద పేచీ ఇడిసిపెడ్త."

నాకు "వాణి నా రాణి" దాకానే వచ్చు. పేట వాళ్లెవరైనా శాకుంతలంలోంచి ఒక్క పద్యం తొందరగా పెట్టండి, పరువు పోయేట్టుంది.